సగటు వాన ఏ చేనులో కురిసింది?

ఏటా అక్టోబరు మొదటి వారంలో జిల్లా పేజీలో ఒక వార్త తప్పదు. గద్వాలలో సాధారణ వర్షపాతం, వనపర్తిలో సాధారణం కంటే కొంచెం ఎక్కువ, నాగర్‌కర్నూల్‌లో సాధారణం. కింద మండలాలవారీగా రంగులు పూసిన పటం. అది చూసి హైదరాబాదు మిత్రులు ఫోన్ చేసి మరీ సంతోషిస్తారు, ఈసారి మీ పాలమూరుకు ఢోకా లేదట కదా అని. వాన గురించి మనలో పాతుకుపోయిన నమ్మకమంతా ఆ పలకరింపులోనే ఉంది. సగటుకు దగ్గరగా పడితే మంచి ఏడు, దూరంగా పడితే చెడ్డ ఏడు. ఈ నమ్మకానికి టీవీలో పుట్టిన కవల ఒకటుంది. ఎండ కాస్తే మామూలు రోజు, వాన పడితే జనజీవనం అస్తవ్యస్తం. మొదటిది లెక్క వేషం కట్టిన అజ్ఞానం. రెండోది పట్టణం తన సౌకర్యాన్ని లోకధర్మంగా చెప్పుకోవడం. కృష్ణా తుంగభద్రల నడిగడ్డలోనో నల్లమల అంచునో బతికే మనిషికి ఈ రెండూ పనికిరావు. పనికిరాకపోతే పోనీ అనుకోవచ్చు, కానీ హాని కూడా చేస్తున్నాయి.

ముందు లెక్క సంగతి చూద్దాం. వాతావరణ శాఖ ఒక జిల్లాలో పడిన వానను ఆ జిల్లా దీర్ఘకాలిక సగటుతో పోలుస్తుంది. తేడా 19 శాతం లోపు ఉంటే, తక్కువైనా ఎక్కువైనా, దాని పేరు సాధారణం. 20 శాతం తగ్గితే లోటు, 60 తగ్గితే భారీ లోటు. నాలుగు నెలల సీజనుకు ఒక జిల్లా సగటు 450 మిల్లీమీటర్లు అనుకుందాం. ఉమ్మడి పాలమూరుకు ఇది దూరపు అంకె కాదు. ఈ లెక్కన 365 పడినా సాధారణమే, 535 పడినా సాధారణమే. ఆ రెంటి మధ్య 170 మిల్లీమీటర్లున్నాయి. ఎర్ర చెల్కలో కంది వేసినవాడికి అది పంటకూ పొట్టుకూ ఉన్న దూరం. అదే 365 కాకుండా 360 పడిందనుకోండి, వెంటనే పేరు మారి లోటు అవుతుంది. ఐదు మిల్లీమీటర్లకు మారిన పేరు నూట డెబ్బైకి మారలేదు!

అంతకంటే పెద్ద దోషం, ఈ లెక్కకు ఎంత అన్నదే తెలుసు, ఎప్పుడు అన్నది తెలియదు. జూన్‌లో రెండు మంచి వానలు పడ్డాయి. రైతు పత్తి గింజ పెట్టాడు. ఆ తర్వాత జూలై అంతా గాలి వీచింది, మొగులు వచ్చింది, పోయింది. మొలక మాడింది. మళ్లీ దున్ని, మళ్లీ గింజలు కొని, మళ్లీ పెట్టాడు. ఆగస్టు ఆఖరున రెండు రాత్రుల్లో రెండు వందల మిల్లీమీటర్లు కుమ్మరించింది. రెండోసారి మొలిచిన చేను నీళ్లలో నిలబడి ఎర్రబారింది. సెప్టెంబరు 30న కూడిక వేస్తే సాధారణం. రెండోసారి కొన్న గింజల సంచి ఆ కూడికలో ఎక్కడా లేదు.

వాన పడిన రోజుల లెక్కైనా ఆదుకుంటుందా అంటే అదీ లేదు. ఇరవై నాలుగు గంటల్లో 2.5 మిల్లీమీటర్లు పడితేనే దాన్ని వాన రోజు అంటారు. పొద్దున ఎనిమిదిన్నరకు కొలపాత్ర చూస్తారు. నిన్నటి నుంచి ముసురు పట్టి, తెరిపి లేకుండా తుంపర పడి, దుక్కి మెత్తబడి, కలుపుకు అదునొచ్చి, ఊరంతా గొంగళ్లు కప్పుకుని తిరిగినా పాత్రలో రెండు మిల్లీమీటర్లే ఉంటే ఆ రోజు ఖాతాలో వాన లేదు. అరగంటలో అరవై మిల్లీమీటర్లు దంచి, చెల్క మీది మన్నంతా వాగులోకి ఊడ్చిన రోజు మాత్రం ఒక వాన రోజు. నేలకు మేలు చేసిన ముసురు సున్నా, నేలను కోసేసిన వాన ఒకటి.

లెక్క కట్టేవాళ్లకు ఇది తెలియదని నేను అనను. కేంద్రం 2016లో సవరించిన కరువు మాన్యువల్ సీజను మొత్తంతో ఆగిపోలేదు. రుతుపవనాలు రావలసిన తేదీ దాటాక వరసగా మూడు నాలుగు వారాలు, ఒక్కో వారంలో మామూలులో సగం కూడా పడకపోతే దాన్ని ఎండు విరామంగా గుర్తించాలంటుంది. అంటే మొత్తం ఒక్కటే చాలదని సర్కారు కాగితమే ఒప్పుకుంది. ఆ కాగితం నుంచి జిల్లా పేజీదాకా వచ్చేసరికి విరామం జారిపోయి మొత్తం ఒక్కటే మిగులుతోంది. నా తగాదా కొలపాత్రతో కాదు. కొలిచిన దాన్ని తీర్పుగా చదివే అలవాటుతో. జలాశయం నడిపే ఇంజనీరుకు సగటు కావాలి, దేశం మొత్తానికి ముందస్తు అంచనా ఇచ్చే శాస్త్రజ్ఞుడికీ కావాలి. ఒక ఊరికి మాత్రం అది అద్దంలో పక్కింటివాడి మొహం చూసుకున్నట్టే.

పోనీ ఆ సగటైనా కదలని రాయా? 1935లో వార్సాలో కూడిన వాతావరణ శాస్త్రజ్ఞులు ప్రపంచమంతా ఒకే ముప్పై ఏళ్లను, 1901 నుంచి 1930 దాకా, ప్రామాణికంగా తీసుకోవాలని తీర్మానించారు. దేశాల మధ్య పోలికకు అది సదుపాయం. ఆ ముప్పై ఏళ్లే ప్రకృతి నిజస్వరూపమని వాళ్లెవరూ అనలేదు. మన దగ్గర 2022లో దేశ సగటును మార్చారు. 1961–2010 నాటి లెక్కను పక్కనబెట్టి 1971–2020 లెక్క తీసుకున్నారు. దాంతో రుతుపవనాల సాధారణం 880.6 మిల్లీమీటర్ల నుంచి 868.6కు దిగింది. 2021లో దేశం మీద 868.6 పడి ఉంటే సగటుకు 12 తక్కువ. మరుసటి ఏడు అదే వాన నూటికి నూరు. వాన మారలేదు, గీత కిందికి జరిగింది. ఇందులో మోసమేమీ లేదు, శాస్త్రజ్ఞులు బాహాటంగానే చెప్పి చేశారు. కానీ జరిగే గీతను పట్టుకుని ఒక ప్రాంతం బాగోగులు తేల్చేవాళ్లు మాత్రం జవాబు చెప్పాలి.

సగటును బట్టి మంచి ఏడు, చెడ్డ ఏడు తేల్చే ఈ అభిప్రాయం ఎంత గుడ్డిదో చూడాలంటే 2009 చాలు. ఆ ఏడు దేశంలో రుతుపవనాలు సగటు కంటే 22 శాతం తక్కువ. దేశం మొత్తం మీద కరువు ఏడు. సెప్టెంబరు ఆఖరు రోజుల్లో మొదలై అక్టోబరు తొలి రోజులదాకా పడిన వానకు కృష్ణ, తుంగభద్ర ఒక్కసారే పొంగాయి. అక్టోబరు 2 నాటికి ఇవతల అలంపురం మునిగింది, అవతల కర్నూలు మునిగింది. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. సీజను ఖాతా సెప్టెంబరు 30తో మూసేస్తారు కాబట్టి, మిద్దె మీదెక్కి రాత్రంతా కూర్చున్న మనిషి చూసిన నీళ్లలో సగం ఆ సీజనువే కావు. కరువు ఏడులో వరద బాధితుడైన మనిషిని ఏ గడిలో రాస్తారు?

ఈ నేల మనుషులకు తమ లెక్క ఒకటుంది. ఇరవై ఏడు కార్తెలు, ఒక్కోటి పదమూడు పద్నాలుగు రోజులు. మిరుగంలో పడితే ముసలి ఎద్దు కూడా రంకె వేస్తుందన్నారు. మఖలో పుట్టి పుబ్బలో మాడినట్టు అన్నారు. అన్నిటికంటే పాలమూరు గుండెకు తగిలే మాట ఇంకొకటి: ఉత్తర చూసి ఎత్తర గంప. సెప్టెంబరు నడిమిలో వచ్చే ఉత్తర కార్తెదాకా ఓపిక పట్టు, అదీ ఎండబెడితే గంప నెత్తికెత్తుకుని ఊరు విడువు. ఎన్ని మిల్లీమీటర్లు అని ఆ సామెత అడగలేదు. ఏ పక్షంలో అని అడిగింది. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా అక్కడ పాలమూరు లేబర్ ఉన్నారంటే ఆ ప్రశ్నకు వచ్చిన జవాబును బట్టే. అలాగని కార్తెలను నెత్తిన పెట్టుకోమని నేను చెప్పబోవడం లేదు. కార్తె సూర్యుడి గమనం లెక్క, దానికి వానను ముందే చెప్పే శక్తి లేదు. అయితే అడగవలసిన ప్రశ్న దానికి తెలుసు. సగటుకు ఆ ప్రశ్నే తట్టదు.

కొలతలోనూ తేడా ఉంది. పెద్ద వాన పడిన మరునాడు హైదరాబాదులో మట్టిపని అడ్డా మీద ఉన్న తమ్ముడికి ఊరి నుంచి ఫోన్ వస్తుంది.

"తమ్మీ, మన దిక్కు పడ్డది. రేపటికల్లా రా."

"ఎంత పడ్డదే అన్నా?"

"జానెడు దిగింది. ఇంకేం గావాల్రా?"

పాత్రలో నిలిచిన నీళ్లను కాదు, నేలలోకి దిగిన తడిని కొలుస్తున్నాడు. నల్లరేగడిలో జానెడు వేరు, ఎర్ర చెల్కలో జానెడు వేరు, అది ఇద్దరికీ తెలుసు కాబట్టి చెప్పుకోరు.

ఇక కవల సోదరుడి సంగతి. వాన పడగానే టీవీకి పూనకం వస్తుంది. వర్ష బీభత్సం, కుండపోత, అతలాకుతలం. హైదరాబాదులో కారు మునిగిన దృశ్యం అరగంటకు పాతికసార్లు తిరుగుతుంది. నగరంలో నాలాలు కబ్జా చేసి, చెరువు శిఖంలో అపార్టుమెంట్లు లేపి, ఆ నీళ్లు ఇంట్లోకొస్తే వాన తప్పు చేసిందంటారు. ఇది నగరం కథ, నగరమే తేల్చుకోవాలి. కానీ ఆ కెమెరా కన్ను జిల్లాలకూ పాకింది. గద్వాల, గట్టు, అలంపురం వైపు ఏడాదిలో గట్టిగా వాన పడే రోజులు ఎన్ని? రాష్ట్ర వార్షిక సగటు 900 మిల్లీమీటర్ల పైచిలుకైతే ఉమ్మడి పాలమూరుది 600 చుట్టుపక్కల. ఏడాదిలో మూడు వందల రోజులకు పైగా పొడిగా గడిచే చోట ఆ కొద్ది తడి రోజులను జీవనానికి అంతరాయం అనడం ఎంత తలకిందుల మాట! అక్కడ ఆ కొద్ది రోజులే జీవనం. మిగతా మూడు వందలూ వాటి మీద పడి బతుకుతాయి.

ఇక్కడ ప్రగతివాద మిత్రులు అడ్డం తగులుతారు. వాన అందం కడుపు నిండినవాడి ముచ్చట, పకోడీలూ సినిమా పాటలూ ఉన్నవాడి ఆనందం, కూలికి పోలేక పస్తులున్నవాడి ముందు ఆ మాట ఎత్తకు అంటారు. మిత్రులు చెప్పే బాధ నిజం. దాన్నుంచి తీసే తీర్మానమే తప్పు.

బాధను వాళ్లకంటే వివరంగా చెప్పగలను. గద్వాల చుట్టూ విత్తన పత్తి సాగు. సాయంత్రం ఆడ మొక్కల మొగ్గల్లోంచి కేసరాలు గిల్లి తీస్తారు, మరునాడు పొద్దున మగ పువ్వు పుప్పొడిని అద్దుతారు. క్రాసింగ్ అంటారు. ఆ పొద్దున వాన పడితే పుప్పొడి తడిసి ముద్దవుతుంది, కాయ కట్టదు, కంపెనీతో మాట్లాడుకున్న తూకం తగ్గుతుంది. విత్తన రైతుకు ఆగస్టు వాన గండం. పట్టణంలో గద్వాల చీర నేసే మనిషికి గుంట మగ్గం. ముసురు నాలుగు రోజులు పడితే గుంటలో చెమ్మ ఊరుతుంది, పడుగు బిగువు మారుతుంది, నూలు ఆరదు. పట్టు అంచును నూలు మేనితో కలిపే కుప్పడం పని చేతి వేళ్ల లెక్క, తడి వేళ్లతో సాగదు. నడిగడ్డ పాత ఊళ్లలో మట్టి మిద్దె ఉన్నవాళ్లు వానలకు ముందే పైన చౌడు పరుచుకోవాలి, పరచని ఏడు దూలం కింద గిన్నెలు పెట్టుకుని కూర్చోవాలి. ఒకే రోజు, ఒకే వాన. కంది రైతుకు పండుగ, విత్తన రైతుకు నష్టం, నేతగాడికి పస్తు.

ఇంకో మాట కూడా ఉంది, మిత్రులకు అంతగా రుచించదు. క్రాసింగ్ పనికి బడి ఈడు పిల్లలను, ముఖ్యంగా ఆడపిల్లలను దింపుతున్నారని ఏళ్ల తరబడి పత్రికలు రాస్తూనే ఉన్నాయి. వాన పడిన పొద్దున క్రాసింగ్ బంద్. యజమానికి నష్టమైన ఆ పూట పిల్లకు దొరికిన ఒకే ఒక సెలవు. ఆ పిల్ల అరుగు మీద కూర్చుని చూరు నీళ్లకింద అరచెయ్యి పడితే, నీకు ఆనందించే అర్హత లేదమ్మా, అది కలిగినవాళ్ల ముచ్చట అని చెప్పే ధైర్యం ఎవరికుంది?

ఆనందానికి ముందు లాభనష్టాల పట్టిక సరిచూసుకోవాలన్నది కూడా సగటు బుద్ధే. ఈ నేలలో వాన సంబరం అలా పుట్టలేదు. మిరుగం నాడు చేపలు తినడం, అందనివాళ్లు బెల్లంలో ఇంగువ కలిపి మింగడం పంట లెక్క తేలాక చేసేవి కావు, విత్తనం కూడా పడకముందే చేసేవి. తొలి వానలకు చెల్కల్లో మఖమల్ ముక్కల్లా బయటికొచ్చే ఆరుద్ర పురుగులను అగ్గిపెట్టెలో వేసుకుని తిరిగే పిల్లలకు మార్కెట్ రేటు తెలియదు. వాన రాకపోతే రోకలికి కప్పను కట్టి, ఇల్లిల్లూ తిరిగి, నెత్తిన నీళ్లు పోయించుకునే కప్పతల్లి ఆట ఉంది. గుడిలో విరాటపర్వం చదివించే ఊళ్లున్నాయి. కప్పను బతిమాలి, భారతాన్ని బతిమాలి తెచ్చుకున్న రోజును వీళ్లు అంతరాయం అనుకుంటారా? కూలి పోయిన నాడు కూడా "పడనీ, నేల నోరు తెర్సుకుని ఉన్నది" అనగలిగే మనిషిది అమాయకత్వం కాదు. తన నష్టం పక్కనే పక్కవాడి చేను కనబడుతోందతనికి. మనకు కనబడటం లేదు.

పాలమూరు మీద వేసిన ముద్ర గురించీ అడగాలి. కరువు జిల్లా, వలసల జిల్లా, వెనుకబడిన జిల్లా. 2016 అక్టోబరు 11న జిల్లా ముక్కలై గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వేరుపడ్డా ముద్ర మూడింటికీ సమానంగా పంచిపెట్టారు. మామూలు అనే గీత ఎక్కడో తడి నేలలో గీసి, ఇక్కడి బతుకును దానికి లోటుగా చూడటం నుంచే ఆ ముద్ర వచ్చింది. ఇలాంటి ముద్రకు జవాబు చెప్పిన మనిషి ఈ నడిగడ్డలోనే పుట్టాడు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డి వాదన పెంచలేదు. 354 మంది కవులను పోగుచేసి 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేశాడు. ఆ తర్వాత ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాసినప్పుడు రాజుల వరస వదిలి జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏం ఆడారు అని వెతికాడు. వాన గురించి అటువంటి చరిత్ర మనకింకా రాలేదు. ఇన్ని మిల్లీమీటర్లు అని రాసిన దస్త్రాలు గుట్టలున్నాయి, ఆ రోజు ఊళ్లో ఏం జరిగిందో రాసిన పుట ఒక్కటి దొరకదు.

మామూలు కాని రోజును లెక్కలోకి తీసుకుని కట్టిన పని మాత్రం వనపర్తి దగ్గర ఒకటుంది. సంస్థానాధీశుడు రామేశ్వరరావు తన తల్లి పేరిట మొదలుపెట్టించగా 1959లో పూర్తయిన సరళాసాగర్ జలాశయం. నీళ్లు నిండు మట్టానికి రాగానే మనిషి చెయ్యి పడకుండా వాటంతట అవే పనిచేసే సైఫన్లు దాని ప్రత్యేకత. ఏళ్లకేళ్లు మూగగా ఉంటాయి. ఉన్నాయి కదా పనికిరాకుండా అని ఎవరూ పీకెయ్యలేదు, ఎందుకంటే కట్టినవాడు సగటు వానను నమ్మి కట్టలేదు. ఆ కట్ట తెగింది 2019 డిసెంబరు 31న, వానాకాలం ముగిసి మూడు నెలలయ్యాక. పాపం, ఆ పూట నింద మోయడానికి టీవీకి వాన కూడా దొరకలేదు.

కృష్ణ మీది జూరాల ఆనకట్టనూ చూడండి. పాలమూరు ఆకాశంలో చెయ్యంత మొగులు లేని రోజున మహాబలేశ్వరం కొండల్లో కురిసిన వానకు ఇక్కడ గేట్లు లేస్తాయి. జనం బండ్లు కట్టుకుని చూడటానికొస్తారు, గట్టు మీద వేయించిన చేపలు తింటారు. కాలువ అందని పక్క చేనులో కంది వాడిపోతూ ఉంటుంది. ఆ రోజు ఈ జిల్లాకు లోటా, మిగులా?

ఇంతా చెప్పి ఏం చెయ్యమంటావంటే, కొత్తగా పెట్టుబడి అక్కర్లేని పని ఒకటుంది. రాష్ట్రంలో మండలాల్లో వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు రోజూ వాన లెక్క పంపుతూనే ఉన్నాయి. ఆ లెక్కను సీజను మొత్తంగా కుదించి పత్రికకు అందించే బదులు కార్తెవారీగా విడదీసి ప్రతి పంచాయతీ గోడ మీద రాయాలి. మిరుగంలో ఎన్ని రోజులు పడింది, ఆరుద్రలో ఎంత విరామం, ఉత్తరలో ఏమైంది. ఒకే రాత్రి కుమ్మరించిందా, పది రోజులు పంచుకుందా. ఇంత వివరం జనానికి అర్థం కాదని అధికారులు అంటారని తెలుసు. మఖ, పుబ్బ, ఉత్తర, హస్త అని వేళ్ల మీద లెక్కబెట్టి ఏ పంటకు ఏది పోయిందో చెప్పగల అవ్వకు అర్థం కాని పట్టిక ఈ జిల్లాలో ఎవరూ తయారుచెయ్యలేరు. ఆ గోడ మీద ముసురు పట్టిన రోజులకూ ఒక గడి కొట్టండి, పాత్రలో 2.5 దాటినా, దాటకున్నా.